టోకెన్ లేని మూటలు

బతూల్ ఖాల్తి దగ్గర టోకెన్లు ఉండవు. మెక్నెస్ పాతపేటలోని హాజ్ తయ్యిబ్ హమ్మామ్‌లో, అంటే ఆవిరి స్నానాల ఇంట్లో, పొద్దున ఆడవాళ్ల వేళ మొదలైనప్పటి నుంచి సాయంత్రం మగవాళ్లకు తలుపులు తెరిచేదాకా, ఆమె గుమ్మం పక్కనున్న చెక్క అరుగు మీద కూర్చుని ఉంటుంది. వచ్చినవాళ్లు బట్టలు విప్పి మూటకట్టి, చేసంచీ, గాజులు, ఫోను అన్నీ ఆమె చేతికిచ్చి, బకెట్లు పట్టుకుని ఆవిరిలోకి వెళ్లిపోతారు. రెండు గంటల తర్వాత ఎర్రబడ్డ ముఖాలతో, తలకు తువ్వాలు చుట్టుకుని బయటికొస్తే, వాళ్లు నోరు తెరిచేలోపే ఎవరి మూట వాళ్ల ఒళ్లో ఉంటుంది. రసీదు లేదు, అంకె లేదు, సుద్దగీత కూడా లేదు. ముప్పయ్యారేళ్లలో ఒక్క తలపిన్ను మారలేదు.

"నా మొగుడికి పెళ్లిరోజు గుర్తుండదు. ఖాల్తిని అడిగితే నా పెళ్లినాటి లోపావడా రంగు చెబుతుంది" అని ఆడవాళ్లు నవ్వుకునేవారు.

ఖాల్తి అంటే పిన్ని. ఆ పేటలో ఆమె అందరికీ పిన్నే. ఇంటిపేరు ఎవరూ అడగలేదు.

లుబ్నాకు ఆరేళ్లప్పుడు ఒకసారి ఆవిరికి ఊపిరాడక తల్లికంటే ముందే బయటికి పరుగెత్తుకొచ్చింది. అరల నిండా మూటలే, అన్నీ ఒకేలాంటివి. ఏది తమదో తెలియక ఏడుపు ముఖం పెట్టింది. ఖాల్తి తల తిప్పకుండానే చెయ్యి చాచి ఒక మూట తీసి పక్కన పెట్టింది. "ఇది మీ అమ్మది. నీ ఎడమ చెప్పు వారు తెగేట్టుంది, కుట్టించమని చెప్పు" అంది. చెప్పులు మూటలోపల ఉన్నాయి. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు లుబ్నాకు ముప్పయ్యెనిమిదేళ్లు, బడిలో లెక్కల టీచరు, ఒక కూతురికి తల్లి. అయినా ఆ అరుగు ముందు నిలబడ్డప్పుడు ఆమె నోరు కాస్త తెరుచుకునే ఉండేది.

ఆ జ్ఞాపకశక్తి ఖాల్తికి తండ్రి నుంచి వచ్చింది. ఆయన జర్హూన్ కొండమీద ఒక ఊళ్లో ఆలివు గానుగ దగ్గర పనిచేసేవాడు. కోతల రోజుల్లో నలభై ఇళ్లవాళ్లు బుట్టలు తెచ్చి ఆ వాకిట్లో దించి పోయేవాళ్లు. ఎవరికీ చదువు రాదు. ఒకరి కాయలు ఒకరి నూనెలో కలిస్తే ఊళ్లో తలెత్తుకోలేరు. అందుకని బతూల్ చిన్నప్పటి నుంచీ బుట్టలు చూసేది: ఏ అల్లిక ఎవరిది, ఏ కాయ ఎంత నలుపు, ఎవరు దించేటప్పుడు ఏం సణిగారు. "బుట్ట చూస్తే సగమే గుర్తుంటుంది. ఆ మనిషి దించుతూ అన్న మాట కూడా వింటేనే మిగతా సగం" అని తండ్రి చెప్పేవాడు. పదహారేళ్లకు పెళ్లయి, హమ్మామ్ పొయ్యి మండించే భర్తతో మెక్నెస్ వచ్చింది. ఆ పొయ్యి పొగకే ఊపిరితిత్తులు పాడై భర్త చనిపోయాడు. హమ్మామ్ యజమాని హాజ్ తయ్యిబ్ తల్లి ఆమెను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది.

ఆ అరుగు మీది నుంచే ఆమెను దించేశారు. అందుకు కారణం లుబ్నా.

బక్రీదుకు ఇంకా నెల రోజులుంది. ఇంటింటా పొట్టేళ్ల మాటే. ఆ గురువారం లుబ్నా హమ్మామ్‌కు వెళ్లింది, ఒళ్లు రుద్దించుకుంది, ఇంటికొచ్చి టీ తాగుతూ ఫోను చూసుకుంది. కొత్తపట్నంలోని ఒక ఏటీఎంలో ఆమె కార్డుతో మూడు వేల దిర్హామ్‌లు తీసినట్టు బ్యాంకు సందేశం. టైము నాలుగూ పన్నెండు. ఆ నిమిషాన ఆమె వేడి రాతి మీద బోర్లా పడుకుని ఉంది. కార్డు సంచిలో, సంచి మూటలో, మూట ఖాల్తి అరలో. ఇప్పుడు చూస్తే కార్డు సంచిలోనే ఉంది.

"పండక్కి పొట్టేలు బదులు బ్యాంకు కాగితం కోస్తామా?" అన్నాడు భర్త యూనుస్. నవ్వించాలని అన్నాడు గానీ ఇద్దరికీ నవ్వు రాలేదు.

మర్నాడు బ్యాంకులో ఫిర్యాదుల బల్ల దగ్గర జవాద్ అనే ఉద్యోగి ఫారం తీశాడు. మర్యాదస్తుడు, సన్నగా ఇస్త్రీ చేసిన చొక్కా.

"ఆ సమయానికి కార్డు ఎవరి దగ్గరుంది మేడమ్?"

"హమ్మామ్‌లో ఉన్నానండీ. బతూల్ ఖాల్తి దగ్గరుంది."

"ఇంటిపేరు?"

తనకు తెలియదని లుబ్నాకు అప్పుడే తెలిసింది. అతను 'బతూల్, హమ్మామ్‌లో మూటలు చూసే మనిషి' అని రాసుకున్నాడు.

"ఆమెకు మీ పిన్ నంబరు తెలిసే అవకాశం ఉందా?"

ఛ, లేదు అనబోయింది. పిన్ నంబరు తన కూతురు సిరీన్ పుట్టిన సంవత్సరం. సిరీన్ పేరుపెట్టిన రోజు విందులో ఖాల్తి ముందు వరసలో కూర్చుని ఖర్జూరాలు పంచింది.

"తెలియొచ్చు" అంది లుబ్నా.

ఆ ఒక్క మాటనూ అతను రాశాడు.

"చూడండి మేడమ్, సరైన పిన్ కొట్టి తీస్తే మీరే తీసినట్టు లెక్క. లేదా మీరు నమ్మినవాళ్లు తీసినట్టు. బ్యాంకు ఇందులో చేసేదేమీ ఉండదు. పోలీసు కాగితం తెస్తే పైకి పంపిస్తాను."

ఆమె పోలీసు స్టేషనుకు వెళ్లింది. వాళ్లు ఫారం నకలు చూసి, అందులో ఉన్నదే తమ కాగితంలోకి ఎక్కించుకున్నారు. సోమవారం ఒక కానిస్టేబులు హమ్మామ్ గుమ్మంలోకి వచ్చి, తువ్వాళ్లలో ఉన్న ఆడవాళ్లు కేకలుపెట్టి లోపలికి పరుగెడుతుంటే, ముఖం గోడకు తిప్పుకుని, గురువారం నాలుగింటికి ఎక్కడున్నావని ఖాల్తిని అడిగాడు. "ఇక్కడే" అంది ఆమె. సాయంత్రానికి హాజ్ తయ్యిబ్ వచ్చాడు. గొడవ తేలేదాకా ఇంటి దగ్గరుండమన్నాడు. రెండు రోజుల్లో వడ్రంగి వచ్చి, అరలు పీకి, తాళాలున్న చెక్క పెట్టెలు బిగించాడు.

రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర ఆడవాళ్లు లుబ్నాను చూసి తమ పళ్లేలు పక్కకు జరుపుకున్నారు. పొయ్యి మనిషి పెళ్లాం మీనా వినపడేట్టే అంది. "టీచరమ్మ పిల్లలకు లెక్కలు చెబుతుందంట. తన లెక్క మాత్రం ముసల్దాని మీద తేల్చింది."

లుబ్నా రొట్టె కాలకుండానే ఇంటికొచ్చేసింది. తను అబద్ధం చెప్పలేదు, అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. ఆ మాట తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా తనకే చాలలేదు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం బడి వదిలాక, గేటు పక్కన ఖాల్తి నిలబడి ఉంది. ఒంటి మీద ముదురు గోధుమరంగు పొడుగు అంగీ, జెల్లాబా; చేతిలో ఏమీ లేదు. ఆమె నిలబడి ఉండగా చూడడం లుబ్నాకు ఇదే మొదటిసారి. ఇంత పొట్టి మనిషా అనిపించింది.

"ఖాల్తీ... లోపలికి రా, కూర్చో."

"నేను కూర్చునే చోటు నువ్వు తీయించావు కదా తల్లీ. నిలబడే చెబుతాను."

లుబ్నా తల వంచుకుంది.

"ఏడవకు. ఏడిస్తే చెప్పింది తలకెక్కదు. బ్యాంకు వాళ్లకు నేను ఒక మాట చెప్పాలి. నేను పోతే ఆ గాజు తలుపు దగ్గరే ఆపేస్తారు, ముష్టికొచ్చాననుకుని. నువ్వు తీసుకెళ్లు."

"ఏం మాట ఖాల్తీ?"

"రెండుసార్లు చెప్పే ఓపిక లేదు. అక్కడే విను."

జవాద్ వాళ్లిద్దరినీ చూసి లేచి కుర్చీ వేశాడు. "కూర్చోండి హాజ్జా."

"హజ్‌కి వెళ్లలేదు నాయనా. దారి ఖర్చులు పెట్టుకోకుండా ఆ పిలుపు తీసుకోలేను. బతూల్ అను." ఆమె కుర్చీ అంచున కూర్చుంది. "ఆ గురువారం ఈ పిల్ల వచ్చేసరికి నా దగ్గర పదిహేడు మూటలున్నాయి. ఈమెది పద్దెనిమిదోది, ఆకుపచ్చ తువ్వాలు, కిటికీ వైపు నుంచి మూడోది. ఎడమన దర్జీ భార్యది, కుడిన ఇద్దరు అక్కచెల్లెళ్లది ఒకటే మూట. ఈమె వెళ్లేదాకా నేను లేవలేదు. నమాజు కూడా అరుగు మీదే చేసుకున్నాను."

జవాద్ సౌమ్యంగా నవ్వాడు. "నమ్ముతానమ్మా. కానీ ఇది సాక్ష్యం కాదు కదా."

"నేనూ కాదనే అంటున్నా. నా మాట పక్కన పెట్టు. డబ్బు పోయింది ఈమె ఒక్కదానిదేనా?"

అతను ఫారం మీది నుంచి తలెత్తాడు.

"ఆస్పత్రి నర్సు సాదియా నాకు బీపీ చూడ్డానికి వచ్చింది. నన్ను ఇంటికి పంపాక నాకు బీపీ పెరిగింది, ఆ సంగతి వేరు. ఆమెదీ పోయింది, శనివారం. ఆమె ఆపరేషనైన దగ్గర్నుంచి హమ్మామ్ గడప తొక్కలేదు. రొట్టెల పొయ్యి మీనాదీ పోయింది. ఆమె కార్డు ఆమె మొగుడి జేబు దాటి రాదు. హమ్మామ్‌కు తెచ్చేది చిల్లరే. నాలుగో ఆమె ఒకతి ఉంది, ఆ పేరు చెప్పను. చాటుగా చెప్పుకుని ఏడ్చింది. ఒకరి మూట ఇంకొకరి ముందు విప్పను. ముగ్గురు చాలు నీకు."

"మరి హమ్మామ్ కాకపోతే..." అన్నాడు జవాద్. చేతిలో కలం ఆగిపోయింది.

"అదే నేనూ అనుకున్నా. పని లేకుండా ఇంట్లో కూర్చున్నాను కదా, అందరివీ పాత మాటలు ఒక్కొక్కటే తీసి చూసుకున్నా. ఈ పిల్ల ఆ గురువారం చొక్కా విప్పుతూ ఏమంది? 'సోమవారం గడ్డి సంత పక్క ఏటీఎంకి పోయాను ఖాల్తీ, దాని మూతి కొత్త చెప్పులా బిగుసుకుపోయింది, కార్డు లాగితే గోరు విరిగింది' అంది. గోరు నాకు చూపించింది."

లుబ్నా తన కుడిచేతి వంక చూసుకుంది. చూపుడువేలి గోరు సగం పెరిగి ఉంది. ఆ మాట తను అన్నట్టు ఆమెకు లీలగా కూడా గుర్తులేదు. ఇంత గోరు ముక్క ఆ ముసలామె తలలో ఒక అరలో, ఏ తువ్వాలు పక్కనో, చెక్కుచెదరకుండా ఉంది.

"సాదియా ఏమంది? 'గడ్డి సంత దగ్గర మిషను నా కార్డును నమిలి ఉమ్మేసింది.' మీనా మొగుడు ఏమన్నాడంట? 'సంత మిషనుకు ముసలితనం వచ్చింది, మింగలేక పోతోంది.' అందరూ ఒక్క సోమవారమే పోయారు. జీతాలు పడిన రోజు, పొట్టేళ్ల బేరాల రోజు. బ్యాంకు పక్క మిషన్లో నోట్లు అయిపోయి అందరూ అక్కడికే పరుగెత్తారు. మాట ఒకటే నాయనా, నోళ్లు వేరు. మా నాన్న గానుగలో నూనె చేదొస్తే బుట్టలను తిట్టేవాడు కాదు. అందరి కాయలూ ఏ రాయి మీద పడ్డాయో చూసేవాడు."

జవాద్ కంప్యూటర్ వైపు తిరిగాడు. మూడు పేర్లు కొట్టాడు. తర్వాత ఆ ఏటీఎం అంకె కొట్టాడు. తర్వాత ఆ సోమవారం తేదీ. తెర మీద వరసలు పైకి జరుగుతూనే ఉన్నాయి. అతని ముఖంలోంచి మర్యాద నవ్వు పోయింది. లోపలి గదిలోకి వెళ్లి మేనేజరును తీసుకొచ్చాడు; ఇద్దరూ నిలబడే చదివారు.

"పందొమ్మిది ఫిర్యాదులు సార్. ఐదు శాఖల్లో విడివిడిగా వచ్చాయి" అన్నాడు జవాద్ మెల్లగా. "పిన్ సరైనదే అని ఎక్కడికక్కడ మూసేశాం. అందరూ ఆ సోమవారం ఆ మిషను వాడినవాళ్లే. తర్వాత తీసినవి చూడండి, ఒక్కటీ చిప్పుతో తీసింది కాదు. అన్నీ కార్డు వెనక ఉండే నల్లగీతతో. అసలు కార్డులు కావవి, నకళ్లు."

మేనేజరు ఖాల్తి వంక చూశాడు. "ఇలాంటివి కనిపెట్టడానికి మాకు కాసాబ్లాంకాలో ఒక విభాగమే ఉందమ్మా. ఇంకా మాకేమీ చెప్పలేదు."

"వాళ్ల ముందు ఎవరూ బట్టలు విప్పి మాట్లాడరు కదా" అంది ఖాల్తి.

మేనేజరు నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. జవాద్ మాత్రం నవ్వలేదు. అతను ఇంకా నిలబడే ఉన్నాడని, ఆమె లేచేదాకా కూర్చోడని లుబ్నాకు అర్థమైంది.

గంటలో బ్యాంకు మనుషులొచ్చారు. పొద్దు వాలకముందే గడ్డి సంత పక్క మిషను చుట్టూ తాడు కట్టారు. లుబ్నా, ఖాల్తి గొర్రెల అరుపుల మధ్య కాస్త దూరంగా నిలబడ్డారు. పనివాడు కార్డు పెట్టే మూతిని సన్నటి చాకు మొనతో తడిమాడు, ఒక అంచు దొరికింది, నెమ్మదిగా లాగాడు. అసలు మూతి మీద అచ్చం అలాంటిదే ఇంకో మూతి ఊడి చేతిలోకి వచ్చింది. గుడ్డు పెంకంత పలచన, దూరిన ప్రతి కార్డు నల్లగీతనూ నకలు తీసుకునేది. అంకెల పలక పైన, దీపం పక్కన అతికించిన పట్టీ లాగితే దాంట్లో ఆవగింజంత కెమెరా కన్ను. నొక్కిన ప్రతి అంకెనూ అది చూసింది. సిరీన్ పుట్టిన సంవత్సరాన్ని చూసిన కన్ను అది.

ఖాల్తి ముందుకు వెళ్లి, పనివాడి అరచేతిలోకి వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"ఎంత ఓపికగా చేశాడో" అంది చివరికి. "ఈ చేతులతో ఏదైనా పనికొచ్చేది చేసుకోకూడదా, దరిద్రుడు."

మర్నాడే పోలీసులు ఖాల్తి పేరున్న కాగితం మూసేశారు. వారం తిరక్కుండా బ్యాంకు ఉత్తరం వచ్చింది. ఫిర్యాదును మళ్లీ పరిశీలించామని, డబ్బు ఖాతాలో వేస్తున్నామని, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని నాలుగు వాక్యాలు. పందొమ్మిది మందికీ అలాంటిదే వచ్చింది. యూనుస్ పొట్టేలు బేరానికి వెళ్లాడు. లుబ్నా బ్యాంకుకు వెళ్లింది.

"ఆ ఫారంలో నేను చెప్పిన పేరు కొట్టేయండి."

"ఒకసారి రాసింది కొట్టేయకూడదు మేడమ్. కింద ఇంకో వాక్యం చేర్చొచ్చు" అని జవాద్ కలం అందించాడు.

లుబ్నా తను చెప్పిన 'తెలియొచ్చు' అన్న మాటను చూసింది. దాని కింద రాసింది: 'తెలిసే ఉంటుంది. తీసింది ఆమె కాదు. దొంగతనం ఎక్కడ జరిగిందో బ్యాంకుకు చెప్పింది ఆమే.' సంతకం పెట్టింది. జవాద్ చదివి, చెప్పకుండానే ఆ పక్కన తన సంతకం కూడా పెట్టాడు.

హాజ్ తయ్యిబ్ స్వయంగా ఖాల్తి ఇంటికి వెళ్లి పిలుచుకొచ్చాడట. వెళ్లడానికి ముందురోజు ఆయన చిన్నకోడలు మామగారి ముందు నిలబడి, తన డబ్బూ అలాగే పోయిందని, భయపడి దాచానని, ఇప్పుడు తిరిగొచ్చిందని ఒప్పుకుందట. లుబ్నాకు ఆ మాట పొయ్యి దగ్గర మీనా చెప్పింది. లుబ్నా ఖాళీ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాలుగో ఆమె. ఆ ఒక్క పేరు హాజ్ చెవిలో వేసి ఉంటే ఖాల్తి మర్నాడే అరుగు మీద ఉండేది. రెండు వారాలకు పైగా ఇంట్లో కూర్చుని, బీపీ మాత్రలు మింగింది గానీ ఆ మూట విప్పలేదు.

"నీ రొట్టె మాడుతోంది టీచరమ్మా" అంది మీనా. ఈసారి గొంతులో కారం లేదు.

గురువారం లుబ్నా హమ్మామ్‌కు వెళ్లింది. గోడంతా కొత్త చెక్క పెట్టెలు, వార్నిషు వాసన. తాళంచెవులన్నీ ఒకేలా ఉన్నాయి, పెట్టెల మీద వేసిన అంకెలు అప్పుడే ఆవిరికి ఊడిపోయాయి. ఖాల్తి అరుగు మీద తన చోట కూర్చుని ఉంది. ఆమె ఒళ్లో పాత రాగి గిన్నె. వచ్చిన ప్రతి మనిషీ తన మూటను పెట్టెలో పెట్టి, తాళం వేసి, ఆ తాళంచెవి తెచ్చి ఖాల్తి గిన్నెలో వేసి లోపలికి వెళ్లిపోతోంది.

దర్జీ భార్య బయటికొచ్చింది. ఖాల్తి చూడకుండానే గిన్నెలో చెయ్యిపెట్టి ఒక తాళంచెవి తీసి ఇచ్చింది. ఆమె దాంతో పెట్టె తెరుచుకుంది.

గిన్నెలో ఇరవైకి పైగా ఉన్నాయి, ఒకే అచ్చులో పోసినవి. లుబ్నా వాటిని చూస్తూ నిలబడింది. వాటిలో తేడా పట్టడానికి ఆమె కళ్లకు ఏమీ దొరకలేదు.

"ఏంటి అలా చూస్తావ్? ఇవ్వు" అని ఖాల్తి చెయ్యి చాచింది.

లుబ్నా తాళంచెవి కాకుండా సంచీనే ఆ చేతిలో పెట్టింది. లోపల కార్డు ఉంది.

"పిన్ నంబరు మార్చావా?"

"మార్చాను ఖాల్తీ."

"ఏదో నాకు చెప్పకు. పిల్ల పుట్టిన సంవత్సరం వద్దు, మీ పెళ్లైన సంవత్సరం వద్దు, మీ అమ్మ పోయిన సంవత్సరమూ వద్దు. ఈ పేటలో అందరివీ నా దగ్గరే ఉన్నాయి. ముప్పయ్యారేళ్లుగా ఉన్నాయి." ఆమె సంచిని తన వెనక, గోడకు ఆనించి పెట్టుకుంది. "పో, నీళ్లు చల్లారుతున్నాయి. ఆ కుడి చెప్పు మడమ అరిగింది, చూసుకో."